చెంచాడు చక్కెర... మూడొందల కిలోమీటర్లు

మనిషి ఒంట్లో దాదాపు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. అందులో చక్కెర ఎంతుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? పావుకిలో? ఓ గుప్పెడు? అంత లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం మొత్తాన్నీ కలిపి చూసినా అందులో ఉండే గ్లూకోజు నాలుగైదు గ్రాములే. అంటే ఒక్క టీ స్పూను!

ఆ చెంచా రెండు చెంచాలైతే ‘షుగరొచ్చింది’ అంటాం. అరచెంచాకి పడిపోతే చెమటలు పట్టేస్తాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. ఇంకా తగ్గితే స్పృహ తప్పడమే. అంత సన్నటి గీత మీద ఒళ్లంతా నడుస్తోందన్నమాట.

ఇప్పుడు పోటీలో ప్రాణం పెట్టి సైకిల్ తొక్కే కుర్రాణ్ని ఊహించుకోండి. అతని కండరాలు నిమిషానికి రెండు మూడు గ్రాముల పిండిపదార్థాన్ని మండిస్తాయి. రక్తంలో ఉన్నదొక్కటే వాడుకుంటే రెండు నిమిషాల్లో ఖాళీ! అలా జరక్కుండా కండరాలు తమలో దాచుకున్నది తీస్తాయి, కాలేయం తన కొట్టు తెరిచి గ్లూకోజును వదులుతుంటుంది. క్లోమగ్రంథి ఏమో ‘ఇప్పుడు ఇన్సులిన్ ఎక్కువుంటే కొంప మునుగుతుంది’ అని ఉత్పత్తిని తగ్గించేస్తుంది. ఇదంతా మనకు తెలియకుండానే జరిగిపోతుంది. బస్సు కోసం పరుగెత్తేటప్పుడు ‘ఇన్సులిన్ కాస్త తగ్గించు’ అని ఎవరూ ఒంటికి చెప్పుకోరు కదా!

టైప్ 1 మధుమేహం ఉన్నవాళ్లు చెప్పుకోవాలి. వాళ్ల క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను వాళ్ల రోగనిరోధక వ్యవస్థే చంపేసింది. కాబట్టి ఇన్సులిన్ బయటి నుంచి రావాలి, సూదితోనో పంపుతోనో. ఒకసారి చర్మం కింద పడిన ఇన్సులిన్‌ను వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు. త్వరగా పనిచేసే రకమైనా సరే మూడు నాలుగు గంటలపాటు దాని పని అది చేసుకుపోతుంది. మీరు పరుగెత్తుతున్నారా, పడుకున్నారా అన్నది దానికి అనవసరం. పైగా వ్యాయామంలో ఉన్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజును లాక్కోగలదు. రెండూ కలిశాయంటే ఆ చెంచా ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంత తంటా ఉన్న జబ్బుతో కొందరు ఒలింపిక్స్‌కి వెళ్లారు. ఏదో పాల్గొన్నామనిపించుకోవడానికి వెళ్లలేదు. ఏ జబ్బూ లేనివాళ్లతో సమానంగా అర్హత సాధించి వెళ్లారు.

మన పాఠకులకు షుగరున్న క్రీడాకారుడంటే మొదట గుర్తొచ్చేది వసీం అక్రమే. 1997లో, ముప్ఫై ఏళ్ల వయసులో అతనికి టైప్ 1 అని తేలింది. ఆరేళ్ల తర్వాత 2003 ప్రపంచకప్‌లో వన్డేల్లో ఐదొందల వికెట్ల మైలురాయిని దాటిన తొలి బౌలరయ్యాడు. అయితే క్రికెట్లో ఓవరుకీ ఓవరుకీ మధ్య కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. డ్రింక్స్ విరామం ఉంటుంది, లంచ్ ఉంటుంది. గంటల తరబడి ఆగకుండా సాగే పోటీల్లో ఆ సుఖం లేదు.

డాక్టరు ‘ఇక కష్టం’ అన్నాడు

క్రిస్ ఫ్రీమన్‌ది అమెరికాలోని న్యూహాంప్‌షైర్. అతని ఆట క్రాస్ కంట్రీ స్కీయింగ్. మంచు మీద, ఎత్తుపల్లాల్లో, కాళ్లూ చేతులూ రెండూ వాడుతూ 15, 30, 50 కిలోమీటర్లు సాగాలి. ఒంట్లో ఆక్సిజన్ వాడకం విషయంలో దీన్ని మించిన ఆట లేదంటారు నిపుణులు. 2000వ సంవత్సరంలో, పంతొమ్మిదేళ్ల వయసులో రక్తపరీక్ష చేస్తే టైప్ 1 అని తేలింది. ఒలింపిక్స్ స్థాయి ఆట ఇక కుదరదన్న మాట వైద్యుల నోటివెంటే విన్నాడు.

ఆ వైద్యులను తప్పుపట్టడానికి లేదు. ఎందుకంటే అప్పటికి ఆ స్థాయిలో, ఆ ఆటలో, ఆ జబ్బుతో నెగ్గుకొచ్చినవాళ్లు వాళ్ల అనుభవంలో లేరు. చూడనిదాన్ని ‘అవుతుంది’ అని ఎలా చెబుతారు?

ఫ్రీమన్ మాత్రం ఆటను వదల్లేదు. జబ్బు బయటపడిన ఏడాదిన్నరకే 2002 సాల్ట్‌లేక్ సిటీ వింటర్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు. నలుగురు కలిసి చేసే రిలేలో అతనున్న అమెరికా జట్టు ఐదో స్థానంలో నిలిచింది. ఆ ఆటలో నార్డిక్ దేశాలదే రాజ్యం కాబట్టి అమెరికా పురుషులకు ఐదో స్థానమంటే పండగే. ఆ తర్వాత 2006, 2010, 2014... మొత్తం నాలుగు ఒలింపిక్స్.

2009లో చెక్ రిపబ్లిక్‌లోని లిబెరెట్స్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ 15 కిలోమీటర్ల పోటీలో నాలుగో స్థానం. కాంస్యానికి తేడా ఎంతో తెలుసా? 1.3 సెకన్లు! క్లోమం పనిచేయని మనిషి, ప్రపంచంలోని హేమాహేమీల మధ్య, ఒక్క గుటక వేసేంత వ్యవధిలో పతకం పోగొట్టుకున్నాడు.

మరుసటేడే అటు పక్క కూడా చూశాడు. 2010 ఫిబ్రవరి, వాంకోవర్ ఒలింపిక్స్. 30 కిలోమీటర్ల పోటీ. ఇన్సులిన్ లెక్క ఎక్కడో తప్పింది. దారి మధ్యలో షుగర్ పడిపోయి మంచులో కూలబడిపోయాడు. లేవడానికి ఒంట్లో సత్తువ లేదు. అతని జట్టువాళ్లెవరూ దగ్గర్లో లేరు. అక్కడున్న జర్మనీ జట్టు మనిషి ఒకతను పరుగున వచ్చి తన దగ్గరున్న చక్కెర పానీయం, జెల్ చేతిలో పెట్టాడు. అవతలి దేశపు ఆటగాడు కదా అని చూస్తూ నిలబడలేదు. కాసేపటికి ఫ్రీమన్ లేచి నిలబడ్డాడు. పోటీ పూర్తిచేశాడు కూడా. 45వ స్థానం.

పత్రికలు ఇలాంటివాటికి ‘పట్టుదల’ అని శీర్షిక పెట్టేస్తుంటాయి. పట్టుదల ఉన్నమాట నిజమే. కానీ చక్కెర పడిపోయిన మెదడుకు పట్టుదల ఉండదు. దానికి కావలసింది గ్లూకోజు. ఈ ఆటగాళ్ల అసలు గొప్పదనం తెలియాలంటే వాళ్ల లెక్కల పుస్తకం చూడాలి.

లెక్కే లెక్క

రేసు ఉదయం పదింటికి అనుకుందాం. ఆరింటికి లేచి మీటరు చూసుకుంటే 120. బాగుంది. టిఫిను తినాలి. తింటే ఇన్సులిన్ వేసుకోవాలి. మామూలు రోజు వేసుకునేంత వేస్తే రేసు మొదలయ్యే వేళకి అదింకా ఒంట్లోనే ఉంటుంది. పడిపోవడం ఖాయం. అలాగని బాగా తగ్గిస్తే? రేసు మొదలయ్యేసరికి 250, 300కి ఎగబాకుతుంది. కాళ్లు దుంగల్లా బరువెక్కుతాయి. మాటిమాటికీ మూత్రానికి పోవాల్సి వస్తుంది, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. కీటోన్లు కూడా ఉంటే అసలు వ్యాయామమే చేయకూడదు.

ఇక్కడితో అయిందా? లేదు. స్టార్టింగ్ లైన్ దగ్గర నిలబడగానే గుండె దడదడ. ఆ కంగారులో అడ్రినలిన్ ఊరుతుంది. అది కాలేయాన్ని తట్టి గ్లూకోజును బయటికి తీయిస్తుంది. ఏమీ తినకుండానే మీటరు 220 చూపిస్తుంది! సాధన రోజుల్లో ఎప్పుడూ ఇలా జరగదు. పోటీనాడే జరుగుతుంది. ఇప్పుడేం చేయాలి? ఇన్సులిన్ వేసుకుంటే రేసు మొదలైన అరగంటకో ముప్పావుగంటకో అది పుంజుకుని, అదే సమయానికి కండరాలూ గ్లూకోజును లాగేసి, ఆటగాడు మంచులో కూలబడతాడు. వేసుకోకపోతే బరువెక్కిన కాళ్లతో పరుగెత్తాలి. పది నిమిషాల్లో తేల్చుకోవాల్సిన సంగతిది. కోచ్ చెప్పలేడు. డాక్టరు పక్కన ఉండడు.

చలికి ఇన్సులిన్ గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. ఎండలో ఉడికిపోయినా అంతే. బాగా చలిగా ఉంటే మీటర్లూ మొరాయిస్తాయి. చేతులకు మందపాటి గ్లౌజులు, వేళ్లు కొయ్యబారి ఉంటాయి. ఆ స్థితిలో వేలికొస గుచ్చి రక్తపు బొట్టు తీసి చూసుకోవడమన్నది రేసు మధ్యలో అయ్యే పనేనా! అందుకే ఫ్రీమన్ లాంటివాళ్లు ఒంటికి అతుక్కునే చిన్న పంపు వాడేవారు. గంటకెంత ఇన్సులిన్ పోవాలో రేసుకు ముందే దానికి చెప్పి ఉంచాలి. దారిలో అక్కడక్కడా చక్కెర నీళ్లు అందించే మనుషులుండాలి. మిగతాదంతా ఆ ముందస్తు అంచనా మీదే.

రేసు అయిపోయాక కూడా గండం గడిచినట్టు కాదు. ఖాళీ అయిన కండరాలు రాత్రంతా రక్తంలోంచి గ్లూకోజును లాగి తమ నిల్వలు నింపుకుంటాయి. నిద్రలో షుగర్ పడిపోయే ప్రమాదం ఒక రోజు వరకూ ఉంటుంది. పతకం గెలిచినవాడైనా అర్ధరాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి చూసుకోవాల్సిందే.

ఇన్నిట్లో దేన్నీ తప్పించుకునే దారి లేదు. ఉన్నదల్లా ఒకటే, రాసుకోవడం. ఏం తిన్నాం, ఎన్ని యూనిట్లు వేశాం, ఎంతసేపు, ఎంత వేగంతో సాధన చేశాం, ఎంత చలి, అరగంటకోసారి మీటరెంత... ఇలా నెలల తరబడి రాసుకుంటూ పోతే ఒక్కొక్కరికీ తన ఒంటి తీరు అర్థమవుతుంది. ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు. వంటల పుస్తకంలోలా ‘రెండు కప్పులు, చిటికెడు’ అని ఇందులో రాసివ్వడం ఎవరివల్లా కాదు.

అర్హత ఒక్కరోజు ముచ్చట కాదు

షుగరుతో మారథాన్ పూర్తిచేసినవాళ్లు ఈరోజుల్లో వేలల్లో ఉంటారు. చప్పట్లు కొట్టాల్సిందే. అయితే పూర్తిచేయడం వేరు, పెద్ద పోటీకి అర్హత సాధించడం వేరు. రెండింటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

బోస్టన్ మారథాన్ సంగతే తీసుకోండి. డబ్బు కట్టేస్తే చోటిచ్చే పోటీ కాదది. ధర్మకార్యాలకు విరాళాలు సేకరించేవాళ్లను మినహాయిస్తే, మిగతావాళ్లు వయసునుబట్టి నిర్ణయించిన సమయంలోపు వేరే మారథాన్ పూర్తిచేసి ఉండాలి. 2025 పోటీకి 18 నుంచి 34 ఏళ్ల మగవాళ్లకు పెట్టిన గడువు 3 గంటలు. అదే చాలా కష్టం. తీరా దరఖాస్తులు కుప్పతెప్పలుగా వచ్చిపడేసరికి, గడువుకన్నా 6 నిమిషాల 51 సెకన్లు ముందే ముగించినవాళ్లకే చోటు దక్కింది.

ఇప్పుడు షుగరు సంగతి చూద్దాం. రక్తంలో గ్లూకోజు 70 కన్నా తగ్గితే డాక్టర్లు చెప్పే సూత్రం ఒకటుంది. 15 గ్రాముల చక్కెర తీసుకోండి, 15 నిమిషాలు ఆగండి, మళ్లీ చూసుకోండి. ఇంట్లో అయితే సరే. దాన్ని అక్షరాలా పాటించి రోడ్డు పక్కన పదిహేను నిమిషాలు కూర్చుంటే? ప్రాణం నిలుస్తుంది, బోస్టన్ పోతుంది! మధుమేహం ఉందని ఒక్క నిమిషం కూడా అదనంగా ఇవ్వరు. ఈ పోటీల్లో షుగరున్నవాళ్లకు వేరే వరస లేదు.

స్కీయింగ్‌లో అయితే ఇంకో చిక్కు. అక్కడ ర్యాంకింగ్ పాయింట్లు ఏడాదిలో ఒక్కో ఆటగాడి ఐదు ఉత్తమ ఫలితాల సగటు మీద వస్తాయి. ఒకసారి అదృష్టం కలిసొస్తే చాలదు. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు చలిలో, ఎత్తులో ఐదుసార్లు లెక్క సరిగ్గా కుదరాలి. లెక్క తప్పిన రోజున అతని ఊపిరితిత్తులు ఎంత గొప్పవైనా ఆ ఫలితం చెత్తబుట్టలోకే. నాలుగు ఒలింపిక్స్‌కి వెళ్లాడంటే, పన్నెండేళ్లకు పైగా ఎన్ని ఉదయాలు ఆ లెక్క కుదిరి ఉండాలో చూడండి. వాంకోవర్లో కూలబడిన దృశ్యం గుర్తుండిపోయింది గానీ, కూలబడని రోజుల లెక్క ఎవరు తీస్తారు?

మరో రకం మధుమేహం, మరో రకం ఆట. బ్రిటన్ తెడ్డు వీరుడు స్టీవ్ రెడ్‌గ్రేవ్ అప్పటికే నాలుగు ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు గెలిచి ఉన్నాడు. 1997లో అతనికి మధుమేహం అని తెలిసింది. అది టైప్ 2. ఆ స్థాయి రోయింగ్ సాధనకు రోజుకు ఐదారు వేల కేలరీల తిండి కావాలి. ‘షుగరు కదా, తిండి తగ్గించు’ అంటే పడవ కదలదు. వైద్యులు తెలివైన పని చేశారు. తిండిని అలాగే ఉంచి, దానికి తగ్గట్టు ఇన్సులిన్‌ను సర్దారు. 2000 సిడ్నీలో, 38 ఏళ్ల వయసులో, నలుగురి పడవలో ఐదో స్వర్ణం. ఇటలీ పడవకన్నా 0.38 సెకన్లు ముందు!

ప్రాణం నిలిపే మందే నిషిద్ధం

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. క్రీడల్లో డోపింగ్ నిషేధిత జాబితాలో ఇన్సులిన్ ఉంది. పోటీ ఉన్నప్పుడే కాదు, అన్ని వేళలా నిషిద్ధమే. 1998లో నగానో వింటర్ ఒలింపిక్స్ తర్వాత అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దాన్ని జాబితాలో చేర్చింది. జబ్బు లేనివాళ్లు కూడా కండల కోసం, త్వరగా తేరుకోవడం కోసం దాన్ని వాడుతున్నారన్న అనుమానాలే కారణం. వాళ్ల పాపానికి వీళ్లకు కాగితాల పని పడింది. ఇన్సులిన్ వేసుకునే ఆటగాడు ‘చికిత్స కోసం మినహాయింపు’ అనే అనుమతి పత్రం తీసుకోవాలి. డాక్టరు రిపోర్టులు, పరీక్షల ఫలితాలు జతచేయాలి. గడువు తీరితే మళ్లీ తీసుకోవాలి. మరచిపోయి పోటీకి దిగితే, ప్రాణం నిలుపుకోవడానికి వేసుకున్న మందే దొంగను చేస్తుంది.

అనుమతి ఉన్నా చూసేవాళ్ల కళ్లు మారవు. టెన్నిస్‌లో టోక్యో ఒలింపిక్స్ స్వర్ణం గెలిచిన అలెగ్జాండర్ జ్వెరెవ్‌కు చిన్నప్పటినుంచీ టైప్ 1 ఉంది. 2023 ఫ్రెంచ్ ఓపెన్లో కోర్టులోనే ఇన్సులిన్ వేసుకుంటానంటే మొదట ఒప్పుకోలేదనీ, లోపలికి వెళ్లి వేసుకోమన్నారనీ, అలా వెళ్తే దాన్ని టాయిలెట్ విరామంగా లెక్కేస్తామన్నారనీ అతనే బయటపెట్టాడు. గొడవయ్యాక నిర్వాహకులు మనసు మార్చుకున్నారు. ఇన్సులిన్ ఇంజెక్షను తొలిసారి మనిషికిచ్చింది 1922 జనవరిలో, టొరంటోలో, లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడికి. వందేళ్లు దాటాక కూడా సూది చూస్తే ముఖం చిట్లించేవాళ్లున్నారంటే ఏమనాలి!

సైకిల్ పోటీల్లో దీనికి తిరగేసిన కథ నడిచింది. ఈమధ్య చేతికి అంటించుకునే గ్లూకోజు సెన్సర్లు వచ్చాయి కదా, నిమిషనిమిషానికీ ఫోన్లో లెక్క చూపించేవి. షుగరు లేని ఆటగాళ్లు కూడా వాటిని పెట్టుకోవడం మొదలెట్టారు, ఎప్పుడు తినాలో తెలుస్తుందని! 2021లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం పోటీల్లో వాటిని నిషేధించింది. మధుమేహం ఉన్నవాళ్లకు వైద్య అవసరం కాబట్టి వాళ్ల సంగతి వేరు.

మూడు నిమిషాలు తక్కువైంది

అమెరికాకే చెందిన ఫిల్ సదర్లాండ్‌కు 1982లో, ఏడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు టైప్ 1 అని తేలింది. పాతికేళ్లకు మించి బతకడం కష్టమని వైద్యులు తల్లికి చెప్పారు. పిల్లాడు సైకిలెక్కాడు. కాలేజీ రోజుల్లో జో ఎల్‌డ్రిడ్జ్ అనే మరో సైక్లిస్టు పరిచయమయ్యాడు. అతనికీ అదే జబ్బు, కానీ మీటరు చూసుకోవడంలో బద్ధకం. ఫిల్ ఒక పందెం పెట్టాడు. ఇద్దరూ షుగర్ చూసుకోవాలి, ఎవరికి ఎక్కువుంటే వాళ్లు భోజనం బిల్లు కట్టాలి. కొన్నాళ్లు బిల్లులు కట్టీ కట్టీ జో దారికొచ్చాడు. వందమంది డాక్టర్లు చెప్పినా కానిది ఒక భోజనం పందెంతో అయింది!

ఇద్దరూ కలిసి ‘టీమ్ టైప్ 1’ పెట్టారు. 2006లో ఎనిమిదిమంది టైప్ 1 సైక్లిస్టులతో ‘రేస్ అక్రాస్ అమెరికా’కి దిగారు. పసిఫిక్ తీరం నుంచి అట్లాంటిక్ తీరం దాకా దాదాపు 4,800 కిలోమీటర్లు. వంతులవారీగా, రాత్రీ పగలూ ఆగకుండా తొక్కుతూనే ఉండాలి. ఎడారి వేడి, కొండల చలి, ముక్కలు ముక్కలుగా నిద్ర. అంతా అయ్యాక తేలిందేమిటంటే, వాళ్లు రెండో స్థానంలో ఉన్నారు. మొదటి జట్టుకీ వాళ్లకీ మూడు నిమిషాల తేడా! ఐదు రోజులకు పైగా తొక్కాక మూడు నిమిషాలు.

మరుసటేడు 2007లో మళ్లీ వెళ్లి తమ విభాగంలో గెలిచేశారు. ఫిల్‌కు ఆ ఏడాది పాతికేళ్లు.

ఆ తర్వాత అది వృత్తి సైక్లిస్టుల జట్టయింది. ఇన్సులిన్ తయారుచేసే కంపెనీ నోవో నార్డిస్క్ వెనక నిలబడటంతో 2013 నుంచి జట్టులో ప్రతి ఒక్కరూ మధుమేహం ఉన్నవాళ్లే. కంపెనీకి ప్రచారం దొరికిందన్నది నిజమే, దాచాల్సిన పనేమీ లేదు. అయితే పెద్ద రేసుల నిర్వాహకులు ప్రచారం చూసి చోటివ్వరు. అగ్రశ్రేణి జట్లకు నేరుగా ప్రవేశం ఉంటుంది. మిగిలిన కొద్ది చోట్లకు రెండోశ్రేణి జట్లు బారులు తీరతాయి. వాటిలోంచి ఎవరిని పిలవాలన్నది నిర్వాహకుల ఇష్టం.

ఇటలీలో ఏటా మార్చిలో జరిగే మిలాన్-శాన్ రెమో వందేళ్లు దాటిన రేసు. దాదాపు మూడొందల కిలోమీటర్లు ఒకే రోజులో తొక్కాలి. ఈ జట్టుకు ఆ పిలుపు అందింది. 2019లో మొదట్లోనే పదిమంది గుంపును వదిలి ముందుకు దూసుకుపోయారు. ఆ పదిమందిలో నలుగురు ఈ జట్టువాళ్లే. గంటల తరబడి ముందున్నారు. చివరికి పెద్ద గుంపు వెనకనుంచి వచ్చి కలిపేసుకుంది. ఇలాంటి రేసుల్లో ముందే పరుగెత్తినవాళ్లకు దాదాపు ఎప్పుడూ జరిగేదదే. కానీ టీవీ చూస్తున్నవాళ్లకు ఎవరికి జబ్బుందో, ఎవరికి లేదో కనిపెట్టడం సాధ్యం కాలేదు.

మన ఇళ్లలో...

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరుందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. అందులో అత్యధికులది టైప్ 2. టైప్ 1 పిల్లలు ఎక్కువగా ఉన్న దేశాల్లోనూ మనది ముందు వరసే. ఆ పిల్లల్ని మనవాళ్లు ఏం చేస్తుంటారో చూసే ఉంటారు. పీటీ పీరియడ్‌లో చెట్టుకింద కూర్చోబెడతారు. ‘వీడికి షుగరండీ, పరుగెత్తించకండి’ అని అమ్మానాన్నలే చీటీ రాసిస్తారు. ప్రేమతోనే, భయంతోనే. ఆ భయం అర్థంలేనిదేం కాదు. షుగరు పడిపోతే ఏమవుతుందో కళ్లారా చూసిన తల్లికి ధైర్యం చెప్పడం తేలిక కాదు.

కానీ కూర్చోబెట్టడం వైద్యం కాదు. డాక్టరుతో మాట్లాడి, ఆటకు ముందు మీటరు చూసి, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో, ముందు ఏం తినాలో తెలుసుకుని, జేబులో గ్లూకోజు పొట్లం పెట్టి, పడిపోతే ఏం చేయాలో ఆటల మాస్టారికీ ఇద్దరు స్నేహితులకూ నేర్పితే ఆ పిల్లాడు చెట్టుకింద నుంచి లేవొచ్చు. ఆడిన రోజు రాత్రి కూడా ఓసారి చూడాలి.

పెద్దవాళ్లకూ ఇందులో పనికొచ్చే ముక్క ఉంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు నడకలో షుగర్ పడిపోవడం అరుదు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు మాత్రం ఆ ముప్పుంది. తెల్లవారుజామునే పరగడుపున పార్కులో పది రౌండ్లు కొట్టే నాన్నగారి లాల్చీ జేబులో నాలుగు చాక్లెట్లు ఉన్నాయో లేదో చూడండి. ‘షుగరోడి జేబులో చాక్లెట్లేమిటి’ అని నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.

ఇక ఆ సైకిల్ జట్టు సంగతి. ఇన్సులిన్ కనుక్కుని వందేళ్లయ్యే 2021 నాటికి టూర్ డి ఫ్రాన్స్‌లో పాల్గొనాలని వాళ్లు ఏళ్ల ముందే లక్ష్యం పెట్టుకున్నారు. మూడు వారాలు, మూడు వేల కిలోమీటర్లకు పైగా, ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిల్ రేసు. 2021 వచ్చింది. పిలిచిన జట్ల జాబితాలో వాళ్ల పేరు లేదు. కావలసినన్ని ఫలితాలు లేవు, అంతే. శతాబ్ది సంవత్సరమని ఎవరూ దయతలచలేదు. ఆ మార్చిలో మిలాన్-శాన్ రెమోకి మాత్రం పిలుపొచ్చింది. ఆరోజు కూడా గుంపును వదిలి ముందుకు ఉరికినవాళ్లలో ఈ జట్టువాళ్లు ఇద్దరున్నారు.